నోటు మీద పద్నాలుగో వరుస



ఈ ప్రసంగం వింటున్నవారిలో చాలామంది దగ్గర, జేబులోనో పర్సులోనో కొంగుముడిలోనో, ఒక పది రూపాయల నోటు ఉండే ఉంటుంది. దాన్ని బయటికి తీయకుండా ఒక్క సంగతి గుర్తు చేసుకోవాలి. 2018లో వచ్చిన ఆ చాక్లెట్ రంగు నోటు వెనక వైపు ఉన్న బొమ్మ ఏది? గాంధీగారు ముందువైపు ఉంటారు, అది అందరికీ తెలుసు. వెనక?

కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం. అదే వైపున ఒక సన్నటి పట్టీలో నోటు విలువ పదిహేను భాషల్లో అచ్చువేసి ఉంటుంది. అందులో మన తెలుగు కూడా ఉంది. ఎన్నో వరుసలో? పైనుంచి పద్నాలుగో వరుసలో. దానిపైన తమిళం, కింద ఉర్దూ. భాషల పేర్లను ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చడం వల్ల తెలుగు అంత కిందికి వచ్చింది. కూరగాయల బండి దగ్గర, బస్సు కండక్టరు చేతిలో, గుడి హుండీలో రోజుకు ఎన్ని చేతులు మారుతుందో లెక్కలేని కాగితం అది. దాని మీద మన సొంత అక్షరాల్లో "పది రూపాయలు" అని ఉన్నా, ఆ వరుస ఎక్కడుందో తడుముకోకుండా చెప్పగలిగేవారు అరుదు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1979లో అమెరికాలో రేమండ్ నికర్సన్, మెరిలిన్ ఆడమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇరవై మందిని కూర్చోబెట్టి, ఒక సెంటు నాణేన్ని చూడకుండా గీయమన్నారు. పుట్టినప్పటినుంచీ చేతుల్లో ఆడిన నాణెం అది. దాని రెండు వైపులా కలిపి ఎనిమిది ముఖ్యమైన అంశాలుంటే, సగం మందికి మూడుకు మించి రాలేదు. అబ్రహాం లింకన్ ముఖం కుడివైపు తిరిగి ఉంటుంది. దాన్ని ఎడమవైపుకు తిప్పి గీసినవాళ్లు చాలామంది.

కన్ను చూస్తూనే ఉంటుంది. రాగి రంగు చూసి సెంటు అని గుర్తుపట్టేస్తే పని జరిగిపోతుంది, తక్కినది మనసు పక్కన పెట్టేస్తుంది. బతకడానికి ఆ పొదుపు కావాలి కూడా. రోడ్డు దాటేటప్పుడు ప్రతి బండి నంబరూ చదువుతూ కూర్చుంటే ఎవరూ అవతలి ఒడ్డుకు చేరరు. కానీ ఈ పొదుపే, నిజం రాయాలని కూర్చున్నవారికి మొదటి అడ్డంకి. జరిగింది జరిగినట్టు రాస్తాను అని ఎవరైనా అన్నారంటే, తన కంట పడినంత మేర రాస్తానని అర్థం. కంట పడనిది ఆ పుస్తకంలో ఉండదు. అది అక్కడ లేదన్న సంగతి కూడా పుస్తకంలో ఉండదు.

ఈ రకం రచనకు తెలుగులో సరైన పేరే లేదు. "కాల్పనికేతర సాహిత్యం" అంటున్నారు. కల్పన కానిది అని. ఏది కాదో చెప్పే పేరు అది. ఇంట్లోవాళ్లను "పక్కింటివాళ్లు కానివాళ్లు" అని పిలిచినట్టుంటుంది. యాత్రాచరిత్ర, స్వీయచరిత్ర, లేఖలు, దినచర్య, వ్యాసం అని విడివిడిగా మంచి పేర్లే ఉన్నాయి. వాటన్నిటినీ కలిపే గుణం ఏమిటని అడిగితే, అవి కల్పన కావన్నంత మాత్రాన జవాబు పూర్తికాదు. ఎవరో ఒకరు ఒకచోట నిలబడి, ఆగి, తేరిపార చూశారన్నది వాటన్నిటికీ ఉమ్మడి గుణం. ఆ చూపును దగ్గరనుంచి పరిశీలించడానికి తెలుగులోనే ఒక గొప్ప పుస్తకం ఉంది.

ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నంలో సుప్రీం కోర్టులో ద్విభాషి. అంటే దుబాసీ. ఒక భాషలో చెప్పింది మరో భాషలో, ఎక్కువ తక్కువలు లేకుండా, న్యాయమూర్తి చెవిన వేయడం ఆ ఉద్యోగం. ఆయన 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణం. వెంట సుమారు వందమంది పరివారం. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బొంబాయిలో కదలడానికి ఇంకా ఇరవై మూడేళ్లు ఉంది. పల్లకీ, కాలినడక, పడవ, అంతే. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, అక్కణ్నుంచి పూరీ మీదుగా తీరం వెంబడి తెలుగు సీమల్లో దిగుతూ చెన్నపట్నం.

కాశీ యాత్రకు పోయినవాళ్లు అంతకు ముందూ ఉన్నారు, తరవాతా ఉన్నారు. చాలామంది ఇంటికొచ్చి సమారాధన చేసి, గంగచెంబు పంచి, చూసిన గుళ్లూ గోపురాలూ వర్ణించి ఊరుకున్నారు. వీరాస్వామయ్య మాత్రం ఏ రోజుకారోజు రాసుకున్నారు. రాసింది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు అందేది. ఆ రాతలే "కాశీయాత్ర చరిత్ర".

ఆ పుస్తకంలో దేవుళ్లు ఉన్నారు, తీర్థాలు ఉన్నాయి. అవి ఎవరు రాసినా ఉంటాయి. చదివేవాణ్ని నిలబెట్టేవి వేరే ఉన్నాయి. ఈ మజిలీ నుంచి ఆ మజిలీకి ఎంత దూరం? దారి ఇసకా, రాయా, బురదా? ఊళ్లో అంగళ్లు ఉన్నాయా? నీళ్లు బావివా, చెరువువా, తాగడానికి పనికొస్తాయా? దిగడానికి చోటు దొరుకుతుందా? ఏ ఊళ్లో ఏ రూపాయి చెల్లుతుంది? ఆ రోజుల్లో ఒక రాజ్యం దాటి మరో రాజ్యంలో అడుగుపెడితే నాణెం మారిపోయేది. కాశీ విశ్వనాథుడి దర్శనానికి పోతున్న మనిషి, దారి పొడుగునా నాణేల మారకం గమనిస్తూ పోయారు. శ్రీశైలంలో యాత్రికుల దగ్గర కందనూరు నవాబు తరఫున పన్ను వసూలవుతున్న సంగతీ రాశారు. అప్పటికి కందనూరు, అంటే నేటి కర్నూలు, ఇంకా కుంఫిణీ చేతికి పోలేదు.

ఇవన్నీ ఎందుకు ఆయన కంట పడ్డాయి? దీనికి ఆయన ఉద్యోగమే కారణమని అనిపిస్తుంది. కోర్టులో సాక్షి చెప్పే మాటలను ఏళ్ల తరబడి విన్నవాడు. అక్కడ "చాలా దూరం" అంటే చెల్లదు, ఎన్ని కోసులు అని అడుగుతారు. "చాలామంది ఉన్నారు" అంటే చెల్లదు, ఎందరు అని అడుగుతారు. ఆ ప్రశ్నలు చెవిలో మోగుతూ ఉంటే దారిలో చూపు కూడా వాటి వెంటే పోతుంది. అదీకాక, తన వెనక ఇంకెందరో ఈ దారిన వస్తారన్న ఎరుక ఆయన రాతలో ఉంది. అందుకే నీళ్లున్న చోటు చెప్పడం ఆయనకు పుణ్యకార్యంలాగే తోచి ఉంటుంది. రాసిన తెలుగు కూడా వ్యవహారానికి దగ్గరగా ఉన్న తెలుగు. గ్రాంథిక వచనమే ఇంకా కుదురుకోని కాలంలో ఆ పని చేశారు.

ఆయన 1836లో కన్నుమూశారు. రెండేళ్లకు, 1838లో, శ్రీనివాసపిళ్ల ఆ రాతలను అచ్చువేయించారు. నూరేళ్లు దాటాక బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావు దాన్ని పరిష్కరించి, పీఠికా వివరణలూ చేర్చి 1941లో మళ్లీ ప్రచురించారు. ఒక దుబాసీ చూసింది, ఒక మిత్రుడు దాచింది, ఒక వకీలు వెతికి వివరించింది. ఈ మూడు చేతుల్లో ఏ ఒక్కటి జారినా, 1830 నాటి మన దారులూ అంగళ్లూ నీళ్లూ ఇంత దగ్గరగా కనిపించేవి కావు.

అయినా ఒక్క మాట అడగక తప్పదు. ఆ పల్లకీని బోయీలు మోశారు. అదే దారి, అవే రోజులు. వాళ్లలో ఎవరికైనా అక్షరం వచ్చి, రాత్రి మజిలీలో కూర్చుని రాసుకుని ఉంటే ఆ పుస్తకం ఎలా ఉండేది? దారి బాగుందా లేదా అన్నది అరికాలి లెక్కలో ఉండేది. కొండ ఎక్కేటప్పుడు బొంగు ఏ భుజం మీదికి మార్చారో ఉండేది. కృష్ణ దాటిన నాడు నీటి లోతు మొలదాకానా, రొమ్ముదాకానా అన్నది కవి వర్ణనలా కాకుండా ప్రాణభయంలా ఉండేది. ఆ పుస్తకం లేదు. వీరాస్వామయ్యగారిది అబద్ధమని దీని అర్థం కాదు. ఆయనది నిజమే, పల్లకీలోంచి కనిపించిన నిజం.

చూపు పడినంత మాత్రాన గమనించినట్టు కాదనడానికి ఇంకో ఉదాహరణ వైద్యరంగంలో ఉంది. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇరవై నాలుగు మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కాన్లు ఇచ్చి, గడ్డలు వెతకమన్నారు. చివరి స్కాన్లో ఒక చిన్న గొరిల్లా బొమ్మను చొప్పించారు. అది వాళ్లు వెతుకుతున్న గడ్డ కంటే నలభై ఎనిమిది రెట్లు పెద్దది. ఇరవై మందికి అది కనపడలేదు. కనుపాపల కదలికను కొలిచే యంత్రం చెప్పిందేమిటంటే, ఆ ఇరవైమందిలో పన్నెండు మంది చూపు సరిగ్గా ఆ గొరిల్లా మీదే పడింది. వాళ్లంతా చదువుకున్నవాళ్లు, ఆ పనిలో ఆరితేరినవాళ్లు. గడ్డ కోసం వెతుకుతున్న మనసుకు గొరిల్లా అక్కర్లేదు, అంతే.

గమనించిందైనా మనసులో అలాగే నిలుస్తుందా? దీనికి 1986లో ఒక గట్టి పరీక్ష జరిగింది. ఆ ఏడాది జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పైకెగిరిన కాసేపటికే పేలిపోయి ఏడుగురు చనిపోయారు. మర్నాడు పొద్దున్నే అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ నైసర్ అనే ఆచార్యుడు నూట ఆరుగురు విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు, అప్పుడేం చేస్తున్నారు అని రాయించి దాచారు. రెండున్నరేళ్ల తరవాత వాళ్లలో నలభై నాలుగు మందిని పిలిచి అవే ప్రశ్నలు అడిగారు. పదకొండు మంది చెప్పినదాంట్లో ఒక్క ముక్కా మొదటి కాగితంతో కలవలేదు. పూర్తిగా కలిసినవాళ్లు ముగ్గురే. ఒక విద్యార్థిని మొదట రాసింది, తరగతి గదిలో ఉండగా ఎవరో వచ్చి చెప్పారని. రెండున్నరేళ్లకు చెప్పింది, హాస్టల్ గదిలో స్నేహితురాలితో కలిసి టీవీలో చూశానని. అబద్ధం చెబుతున్నామన్న ఊహ వాళ్లెవరికీ లేదు. పైగా గట్టి నమ్మకంతో చెప్పారు.

స్వీయచరిత్రలు చదివేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి. నలభై ఏళ్ల కిందటి సంభాషణను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన ప్రతిచోటా, పాఠకుడు ఒక్క క్షణం ఆగవచ్చు. ఏ రోజుకారోజు రాసిపెట్టిన వీరాస్వామయ్య దినచర్యకు ఉన్న బరువు ఇక్కడే తెలుస్తుంది. ఆయన ఇల్లు చేరాక తీరిగ్గా కూర్చుని రాసి ఉంటే, మజిలీలన్నీ కలిసిపోయి ఒకే మజిలీ అయ్యేవి, దారులన్నీ ఒకే దారి అయ్యేవి.

కల్పనలో నిజం ఉండదా అంటే, ఉంటుంది. ఒక్కోసారి చరిత్ర గ్రంథాల్లో దొరకని నిజం అక్కడ దొరుకుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణిస్తూ ఒక చిన్న దృశ్యం పెట్టారు. కాలవ గట్టున బాతులు రెక్కల్లో తలలు దూర్చి ముడుచుకుని నిద్రపోతున్నాయి. తెల్లగా, ముద్దగా. తలారులు వాటిని చూసి, వేకువ స్నానానికి వచ్చిన బ్రాహ్మలు పిండి పెట్టి మరిచిపోయిన ధోవతులనుకుని, ఇచ్చేద్దామని నీళ్లలోకి దిగారు. బాతులు లేచి పరుగెత్తాయి. వరిచేలకు కాపున్న ఆడపిల్లలు అది చూసి నవ్వారు.

ఎన్నో యుద్ధాలు చేసిన చక్రవర్తి ఆయన. కావ్యం కల్పనే. కానీ నిద్రపోతున్న బాతు పిండిన పంచెలా ఉంటుందన్నది ఎవరూ ఊహించి రాయలేరు. ఎక్కడో ఒక తెల్లవారుజామున ఎవరో నిలబడి చూసి ఉండాలి. అంతేకాదు, ఆ పద్యంలో ఊరు నడిచే తీరు ఉంది. వేకువ స్నానాలు, తడిబట్టలు అక్కడే పిండుకోవడం, మరిచిపోయిన బట్టను తిరిగి ఇచ్చే తలారి, చేను కాసే ఆడపిల్ల. ఐదువందల ఏళ్ల కిందటి ఒక ఉదయం, చూసినవాడి పొరపాటుతో సహా నిలిచిపోయింది.

ఇలాంటి చోట్లనుంచి ఒక జాతి చరిత్ర మొత్తాన్ని ఏరుకోవచ్చని నమ్మి, ఏరి చూపించిన మనిషి సురవరం ప్రతాపరెడ్డి. పాలమూరు మాగాణం నుంచి వచ్చి, 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక పెట్టి నడిపిన సంపాదకుడు ఆయన. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిన పట్టుదల ఆయనది. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డులు మొదలైనప్పుడు తెలుగుకు వచ్చిన మొట్టమొదటి అవార్డు ఆ పుస్తకానికే. అప్పటికి ఆయన లేరు, 1953లో పోయారు.

రాజులు ఎవరు, ఏ కోట ఎప్పుడు పట్టారు అన్నది ఆయనకు ముఖ్యం కాదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, దేనికి భయపడ్డారు? ఇవి శాసనాల్లో దొరకవు. శాసనం దానం చేసినవాడి కోసం చెక్కుతారు. అందుకని ఆయన కావ్యాల మీద పడ్డారు. పాల్కురికి సోమన, కొరవి గోపరాజు, హంసవింశతి, శుకసప్తతి. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు ఒక రోజంతా తిరిగే క్రీడాభిరామం. కోడిపందేలు, పొట్టేళ్ల పందేలు, పూటకూళ్లింట్లో ఒక రూకకు పెట్టే భోజనం అందులో ఉన్నాయి. ఆ కవికి మిత్రుల ఆకలి తీర్చడమే కావలసింది. కొన్ని శతాబ్దాల తరవాత చరిత్రకారుడికి, ఓరుగల్లులో డబ్బిచ్చి అన్నం తినే చోటు ఉండేదన్న సాక్ష్యం దొరికింది.

ఈ పనిలో ఆయనకు ఎదురైన గోడ ఒకటుంది. పాత కావ్యంలో ఒక ఆట పేరో, ఒక వంటకం పేరో వస్తుంది. నిఘంటువు తెరిస్తే "క్రీడావిశేషము" అని ఉంటుంది. "భక్ష్యవిశేషము" అని ఉంటుంది. ఏదో ఒక ఆట, ఏదో ఒక తిండి అని చెప్పి పండితుడు చేతులు దులుపుకున్నాడన్నమాట. నిఘంటువు రాసిననాటికి ఆ ఆట వీధిలో ఆడుతూ ఉండి ఉండవచ్చు. తలుపు తీసి అడిగితే పిల్లలే చెప్పేవారు. అడగలేదు. ప్రతాపరెడ్డి ఆ "విశేషము" దగ్గర ఆగక, ఊళ్లలో మిగిలిన ఆటలతో, మాండలికంలో మిగిలిన మాటలతో పోల్చి చూస్తూ పోయారు. తెలుగులో వచ్చిన కాల్పనికేతర పుస్తకాల్లో ఇంత ప్రేమతో వెతికిన పుస్తకం మరొకటి ఉందా అంటే, వేళ్ల మీద లెక్కపెట్టాలి.

పెద్ద సంఘటనలు జరిగినప్పుడు చిన్న సంగతులను చూడటం మరీ కష్టం. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు హిరోషిమా మీద అణుబాంబు పడింది. తరవాత నెలల తరబడి పత్రికలు రాసింది బాంబు శక్తి గురించి, పొగ ఎత్తు గురించి, కూలిన చదరపు మైళ్ల గురించి. మరుసటి ఏడాది జాన్ హెర్సీ అనే ముప్ఫై ఒక్కేళ్ల అమెరికా విలేఖరి అక్కడికి వెళ్లి ఎందరితోనో మాట్లాడి, చివరికి ఆరుగురిని ఎంచుకున్నాడు. ఆ నిమిషంలో ఎవరు ఏం చేస్తున్నారు అన్నదానితో మొదలుపెట్టాడు. తగరం కార్ఖానాలో గుమాస్తాగా ఉన్న అమ్మాయి పక్క బల్ల దగ్గరి పిల్లతో మాట్లాడటానికి తల తిప్పింది. ఒక వైద్యుడు వరండాలో పేపరు చదువుతున్నాడు. ముగ్గురు పిల్లల తల్లి, దర్జీ భార్య, భర్త యుద్ధంలో పోయాడు, కిటికీలోంచి పక్కింటాయన తన ఇల్లు తానే పడగొట్టుకోవడం చూస్తోంది. ఆస్పత్రి నడవాలో ఒక యువ డాక్టరు చేతిలో రక్తం నమూనాతో నడుస్తున్నాడు.

గుమాస్తా అమ్మాయి కాలిని విరగగొట్టింది ఆమె వెనకున్న పుస్తకాల అలమార. అణుయుగం మొదటి క్షణాన ఒక మనిషి పుస్తకాల కింద నలిగిపోయింది. లక్షకు పైగా మరణాలను ఒక అంకెగా విని తల పంకించిన పాఠకులు, ఆ అలమార దగ్గర ఆగిపోయారు. హెర్సీ ఎక్కడా గొంతు పెంచలేదు, ఒక్క విశేషణం అదనంగా వాడలేదు. 1946 ఆగస్టు 31న న్యూయార్కర్ పత్రిక ఆ సంచిక మొత్తాన్ని ఈ ఒక్క రచనకే ఇచ్చింది. ఆకాశవాణి శ్రోతలకు ఇంకో సంగతి నచ్చుతుంది. కొద్ది రోజుల్లోనే అమెరికాలో ఏబీసీ రేడియో ఆ రచనను నాలుగు రాత్రులు చదివి వినిపించింది. తరవాత బీబీసీ కూడా ప్రసారం చేసింది. బాంబు పడిన జపానులో మాత్రం అది పుస్తకంగా రావడానికి 1949 దాకా పట్టింది. అప్పుడక్కడ అమెరికా సేనల ఏలుబడి, అచ్చయ్యేదాని మీద వాళ్ల కాపలా.

ఇక మన గడ్డ మీదే జరిగిన దాని గురించి. తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా సాగింది. నాయకులు రాశారు, పార్టీలు రాశాయి, వ్యాసాలు, గ్రంథాలు వచ్చాయి. వాటిలో ఆడవాళ్లు ఉన్నారు, కాకపోతే ఒక వాక్యంలో ఉన్నారు. "స్త్రీలు కూడా వీరోచితంగా పాల్గొన్నారు" అనే వాక్యంలో. ఆ "కూడా" అన్న మాట వెనక ఏముందో వెతకాలని హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే బృందం పూనుకుంది. టేపు రికార్డర్లు పట్టుకుని ఊళ్లు తిరిగి, ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించారు. 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అచ్చయింది. చాకలి ఐలమ్మ తన పొలం గురించి, తన పంట గురించి చెప్పుకున్న మాటలు అందులో ఉన్నాయి.

అందులో దళంతో అడవిలో తిరుగుతూ పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి ఉంది. పోరాటం ముగిశాక, ఇంటికి పొమ్మన్నాక, ఏ ఇంటికి పోవాలో తెలియని ఆడవాళ్లు ఉన్నారు. తుపాకి పట్టడం నేర్పినవాళ్లు మళ్లీ వంటింట్లోకి వెళ్లమన్నప్పుడు కలిగిన బాధ ఉంది. ఇదంతా ముప్ఫై అయిదేళ్లుగా వాళ్ల నోళ్లలోనే ఉంది. ఎవరూ దాచలేదు. అడిగినవాళ్లు లేరు.

దీనికి ఒక్క ఏడాది ముందు, 1985లో, సోవియట్ దేశంలో స్వెత్లానా అలెక్సీవిచ్ అనే మిన్స్క్ విలేఖరి ఇదే పని చేసిన పుస్తకం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ సేనల్లో లక్షలాది స్త్రీలు పోరాడారు. వాళ్లను ఆమె ఊరూరా వెతికి మాట్లాడించింది. మగవాళ్లు చెబితే సేనల కదలికలు, గెలిచిన ఊళ్లు. ఆడవాళ్లు చెబితే కాళ్లకు పట్టని బూట్లు, యుద్ధమంతా వేసుకోవలసి వచ్చిన మగవాళ్ల లోదుస్తులు, కాల్చిన మొదటి మనిషి ముఖం. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మిన్స్క్‌లో ఒకామె, హైదరాబాదులో కొందరు, ఇంచుమించు ఒకే కాలంలో ఒకే ప్రశ్న పట్టుకుని తలుపులు తట్టారు. మన పుస్తకానికి నోబెల్ రాలేదు, కానీ తెలుగు ఇంట్లో ఉండదగ్గ పుస్తకమది. ఎంతమంది ఇళ్లలో ఉందన్నది వేరే మాట.

అడగడానికి ఇప్పుడు టేపు రికార్డరు కూడా అక్కర్లేదు. ప్రతి జేబులో ఫోను ఉంది. అడగవలసిన మనుషులు మాత్రం తగ్గిపోతున్నారు. మోటబావినే తీసుకోవచ్చు. కరెంటు మోటార్లు రాకముందు తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో బావుల కింది పంట ఎక్కువగా తడిసింది మోట మీదే. మోట తోలిన చేతులు ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటిన చేతులు. వాళ్ల దగ్గరికి మనవడో మనవరాలో వెళ్లి "తాతా, అప్పట్లో ఎలా ఉండేది?" అంటే, "ఏముంది బిడ్డా, కష్టం" అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. అంత పెద్ద ప్రశ్నకు అంతకు మించి జవాబు ఉండదు.

అదే, "తాతా, మోటకు రెండు తాళ్లెందుకు?" అని అడిగితే కథ వేరు. పెద్ద మోకు నీళ్లు తోడే బానకు, సన్న తాడు దాని తొండానికి. బాన పైకి వచ్చేదాకా తొండం మడిచి ఉండాలి, గట్టు మీదికి రాగానే తెరుచుకుని నీళ్లు తొట్లోకి దూకాలి. ఎడ్లు వాలు మీద కిందికి నడిస్తే నీళ్లు పైకొస్తాయి. తరవాత వాటిని వెనక్కి వెనక్కి నడిపించాలి. వెనక్కి నడవడం ఎద్దుకు ఎవరు నేర్పారు, ఎన్ని రోజులు పట్టింది? మోకు మీద కూర్చుని బరువు వేసేవారా? తెల్లవారకముందే కట్టేవారా? అప్పుడే పాట పాడేవారా? ఒక్కో ప్రశ్నకూ ఆయన మంచం మీద కాస్త ముందుకు జరుగుతాడు. చేతులు గాల్లోకి లేస్తాయి, లేని మోకును పట్టుకుని లాగుతాయి, ఎద్దు పేరు గుర్తొస్తుంది.

అప్పుడు ఇంకొక్కటి అడగాలి. "నువ్వు మోట తోలుతుంటే కాలవలో నీళ్లు మడి మడికీ మళ్లించింది ఎవరు తాతా?"

ఆయన ఒక్క క్షణం ఆగుతాడు. జవాబు వంటింట్లోంచి వస్తుంది. "నేను కాక ఇంకెవరు? మీ నాయన్ని వీపుకు కట్టుకుని, మోకాలిదాకా బురదలో. రా ఇటు, కూసో, చెప్త."